నాన్న మూడో వంతు

కిరీటం ఉన్న ఇంట్లో గొంతు పెంచకూడదు. ఆ ఒక్క కట్టుబాటు వల్ల ఆ బుధవారం సాయంత్రం బోర్బా వాళ్ల వంటింట్లో యుద్ధమంతా గుసగుసల్లోనే సాగుతోంది.

"ఈ కవరు ఈ ఇంట్లోకి ఎలా వచ్చింది?" అంది ఆ ఇంటి కోడలు గ్రాసియేత, పళ్ల బిగువున. తీపిరొట్టె కోస్తున్న కత్తి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"నా సంచీలో వచ్చింది," అంది ఆడపడుచు బెల్మీరా అంతే మెల్లగా. "నా సంచీలో నీకేం పని?"

"జపమాలలు సరిపోవట్లేదు వదినగారూ. మీరు రెండు ఎక్కువ తెచ్చుంటారని చెయ్యి పెట్టాను. చేతికి కోర్టు కాగితాలు తగిలాయి."

"తగిలితే వదిలెయ్యాలి. విప్పి చదవకూడదు."

"చదివాను. మా ఆయన పేరు పక్కన 'మోసం' అని రాసుంది. ఏ ఆడదైనా చదువుతుంది."

స్కూలు బస్సును షెడ్డులో పెట్టేసి అప్పుడే వచ్చిన ఒదీలియా, చంకలో చీజ్ ముద్దతో గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి వెళ్తే ఎవరో ఒకరి పక్షాన నిలబడాలి. వెనక్కి వెళ్తే, తండ్రి పేరు మీద వచ్చిన కిరీటం దగ్గర చిన్న కూతురు లేదన్న మాట లోయంతా పాకుతుంది.

హాల్లోంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. మెట్లు మెట్లుగా కట్టి, తెల్లగుడ్డ పరిచి, కాగితం పూలు చుట్టిన పీఠం మీద వెండి కిరీటం మెరుస్తోంది. ఈస్టరు తర్వాత ఏడు వారాలు ఏడు ఇళ్లలో ఉంటుంది పవిత్రాత్మ కిరీటం. ఏ ఇంటికి ఏ వారమో ముందటేడే చీటీలు తీస్తారు. పోయిన జూన్‌లో చీటీ తీసినప్పుడు సెరఫీం బోర్బా అనే పేరు పలికితే, ఆ ముసలాయన చక్రాల కుర్చీలోంచి లేవబోయి పడబోయాడు. నవంబరులో ఆయన పోయాడు. ఆయన పోయినా చీటీ చీటీయే.

"నువ్వొచ్చావా, రా," అంది బెల్మీరా చెల్లెల్ని చూసి. "నీ గురించే. సంతకం నీది ఒక్కటే మిగిలింది."

"అక్కా, ఈ వారం వద్దన్నాను కదా."

"ఈ వారం వద్దంటే ఇంకే వారం లేదు. శుక్రవారంతో సరి."

అదీ నిజమే. పద్దెనిమిదేళ్ల కిందట సెరఫీం, ఆయన భార్య కలిసి ట్రస్టు రాయించినప్పుడు ముగ్గురు పిల్లలకీ సమానమనే రాయించారు. ఆ కాగితం గుణమేమిటంటే, రాసినవాడు బతికున్నన్నాళ్లూ మనసు మారితే మార్చుకోవచ్చు. ఊపిరి ఆగిన క్షణం నుంచి అది ఎవరి మాటా వినదు. భార్య పోయాక, తాను పోవడానికి పదహారు నెలల ముందు, సెరఫీం ఒక పేజీ మార్చాడు. డెయిరీ, నూట ఇరవై ఎకరాలు, మూడు వందల ఆవులు, ఈ ఇల్లు, అన్నీ కొడుకు అల్తీనోకి. పొలం చివర, ఒకప్పుడు పనివాళ్ల కోసం కట్టిన రెండు గదుల ఇల్లు, తొమ్మిదేళ్లుగా ఒదీలియా ఉంటున్నది, ఒదీలియాకే. పెద్దకూతురు బెల్మీరాకి తల్లి బంగారు చెవిపోగులు.

ట్రస్టు బాధ్యత అల్తీనో మీద పడింది. జనవరిలో అక్కకీ చెల్లెలికీ నోటీసులు పంపాడు. పంపిన రోజు నుంచి నూట ఇరవై రోజుల్లోపు కోర్టుకెక్కాలి. ఎక్కకపోతే ఇక నోరు మూసుకోవాలి. ఎక్కినా చిక్కే. సరైన కారణం లేకుండా ఎక్కారని జడ్జికి అనిపిస్తే, ఇచ్చింది కూడా తీసేసుకోవచ్చని ఆ పేజీ అడుగున రాసుంది.

బెల్మీరాకి పోతే చెవిపోగులు పోతాయి. ఒదీలియాకి పోతే నెత్తి మీద కప్పు పోతుంది.

"నేను చెవిపోగుల కోసం ఏడుస్తున్నాననుకుంటున్నారా మీరిద్దరూ," అంది బెల్మీరా. అరవై నిండిన మనిషి, శాన్ హోసే నగరంలో పళ్ల డాక్టరు దగ్గర ముప్పై ఏళ్లు లెక్క తప్పకుండా పనిచేసిన మనిషి, ఆ మాట అంటూ అరచేతులు రెండూ బల్ల మీద పరిచింది. "పద్నాలుగేళ్లప్పుడు నన్ను బడి మాన్పించి షెడ్డులో పెట్టాడు. మగపిల్లాడు ఎదిగొచ్చేదాకా అన్నాడు. ఐదేళ్లు తెల్లారుజామున లేచి పాలు పిండాను. నా చేతులు చూడండి. అలాంటిది, నన్నో చుట్టంలా రెండు పోగులిచ్చి పంపేశాడు. మా నాన్న అలా రాయడు. రాయించారు."

"ఎవరు రాయించారు?" అంది గ్రాసియేత. "ఆరేళ్లు ఆయనకి స్నానం చేయించింది నేను. ఆయన ఉచ్చగుడ్డలు మార్చింది నేను. ఒక్కరోజు ఆ ట్రస్టు మాట ఆయన దగ్గర ఎత్తానంటే, అదిగో ఆ కిరీటం మీద ఒట్టు. ఆయనంతట ఆయనే కొడుకుని పిలిచి, లాయరు దగ్గరికి తీసుకెళ్లరా అన్నాడు. ఇచ్చింది ఆయన. మీరు ఆయన్ని అబద్ధాలకోరుని చేస్తున్నారు."

ఒదీలియాకి ఆ ఇద్దరి మీదా జాలేసింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలుస్తూనే ఉంది. ఇద్దరు నిజం చెబుతూ ఇంతగా ద్వేషించుకోవడం ఆమె అంతకుముందు చూడలేదు.

"జనం వస్తున్నారు," అంటూ అల్తీనో తలుపు దగ్గరికి వచ్చాడు. యాభై ఏడేళ్లకే వంగిన భుజాలు, ఉతికిన చొక్కా, ఎంత రుద్దినా పోని పేడ వాసన. బల్ల మీద కవరు చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు. "చెల్లీ, చీజ్ అక్కడ పెట్టి రా. ఇంటివాళ్లు ముందు వరసలో ఉండాలి."

*

ఇంటివాళ్లు ముందు వరసలో మోకాళ్లూనారు. అక్కా తమ్ముడూ చెల్లెలూ భుజాలు రాసుకుంటూ ఒకే చాప మీద. వెనక ఇరవై మంది ఇరుగుపొరుగు. జపమాల చెప్పించాల్సింది ఇంటి పెద్ద కాబట్టి అల్తీనో చెప్పిస్తున్నాడు. గొంతు బాగానే ఉంది గానీ, పదేసి పూసల లెక్క రెండుసార్లు తప్పాడు. ఇతరులను మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అనే చోట బెల్మీరా ప్రతిసారీ దగ్గింది. ఒకసారి దగ్గితే గొంతు గరగర అనుకోవచ్చు. ఐదుసార్లూ అక్కడే దగ్గింది.

జపం అయ్యాక కాఫీ, తీపిరొట్టె. ఆదివారం పులుసుకి ఎంత మాంసం కావాలి, ఎవరింట్లో పెద్ద గంగాళం ఉంది అన్న మాటలు. పొరుగువాళ్లు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. చివరికి వంటింట్లో, సెరఫీం కుర్చీలో, ఆయన చెల్లెలు దెయొలిందా మాత్రం మిగిలింది. ఎనభై ఏడేళ్ల మనిషి. ఇరవై ఏళ్ల కిందట, తామిద్దరూ పుట్టిన సావ్ జోర్జ్ ద్వీపం నుంచి అన్న దగ్గరికి వచ్చి, పక్క ఊళ్లో కొడుకు దగ్గర ఉంటోంది. చెవులు కొంచెం తగ్గాయి గానీ కళ్లు తగ్గలేదు.

"ఏంటే మీ మొహాలు, ఎవరో చచ్చినట్టు," అంది.

"నాన్న చచ్చిపోయాడు అత్తా," అంది బెల్మీరా.

"ఆరునెలలైంది. అన్నయ్యకి కిరీటం వచ్చింది. బతికుండి చూస్తే మురిసిపోయేవాడు. మీరేమో ముగ్గురూ మూడు గోడలవైపు చూస్తున్నారు." రొట్టె ముక్క కాఫీలో ముంచుకుంది. "నాకు తెలుసులే. అల్తీనోకి మూడో వంతు ఇచ్చాడని మీ ఆడపిల్లలకి కడుపుమంట. తప్పు. ఆవుల దగ్గర ఉండిపోయినవాడికి మూడో వంతు ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?"

"ఏ మూడో వంతు అత్తా?" అంది ఒదీలియా.

"అదేనమ్మా, తండ్రి మూడో వంతు. కన్నవాళ్లు తమ ఇష్టం వచ్చినట్టు ఇవ్వగలిగింది అదొక్కటేగా. మిగతా రెండు వంతులు పిల్లలందరివీ, సమానంగా. రాజు దిగొచ్చినా తీసెయ్యలేడు. మా నాన్న తన మూడో వంతు మా పెద్దన్నయ్యకిచ్చాడు, ముసలాళ్లని చూసుకున్నాడని. మిగిలిన దాంట్లో మీ నాన్నకి వచ్చిన గట్టు అమ్ముకునే కదా ఈ దేశానికి ఓడ టిక్కెట్టు కొన్నాడు."

"అది అక్కడ అత్తా," అంది బెల్మీరా నెమ్మదిగా. "మన దీవిలో. ఇక్కడ అలాంటి చట్టం లేదు."

"లేకపోవడమేంటే. పిల్లల వాటా తండ్రి ఎలా తీసేస్తాడు? అంత అన్యాయపు దేశం ఉంటుందా ఎక్కడైనా?"

"నాన్న నీతో చెప్పాడా ఆ మాట?" అంది ఒదీలియా. "మూడో వంతని?"

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? కాగితం రాయించొచ్చిన మర్నాడు ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాడు. 'నాది అల్తీనోకి రాసేశాను దెయొలిందా, ఆడపిల్లల వాటాలు చట్టం చూసుకుంటుంది, ఒదీలియాకి ఆ చిన్నిల్లు పైగా ఇచ్చాను, బెల్మీరాకి వాళ్లమ్మ పోగులు పైగా ఇచ్చాను, ఇక నాకు బెంగలేదు' అన్నాడు."

పైగా. ఆ ఒక్క మాటకి బెల్మీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జనవరి నుంచి ఆ పోగుల్ని ఆమె చెంపదెబ్బలా మోసింది. అవి వాటా కాదు, వాటా మీద ముద్దుగా ఇచ్చినవి. ఏడుపొచ్చింది. అక్కడే, అందరి ముందే, చప్పుడు లేకుండా ఏడ్చింది.

ఒదీలియా అన్నవైపు చూసింది. అల్తీనో కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్త మాటకి ఆశ్చర్యపడ్డవాడి మొహం కాదది. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసిన మనిషి గుమ్మంలోకి వచ్చేసినప్పటి మొహం.

కెటిల్ బల్ల మీద పెట్టాడు. "ఆ ఎర్ర జెర్సీ ఈనేలా ఉంది. చూసొస్తాను," అని బయటికి నడిచాడు.

"వాడు పారిపోతున్నాడు," అంది బెల్మీరా లేవబోతూ.

"నువ్వుండు అక్కా. నేను వెళ్తాను."

*

ఈనే ఆవుల దొడ్డి ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో ఉంది. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. ఆవు నిజంగానే ఈనుతోంది. గడ్డిలో పక్కకి వాలిపోయి రొప్పుతోంది. అల్తీనో చొక్కా చేతులు మడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ముందుకాళ్లు వచ్చాయి. తల పక్కకి తిరిగింది," అన్నాడు చెల్లెలివైపు చూడకుండా. "ఆ గొలుసు ఇలా అందించు."

ఒదీలియా అందించింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. అన్న లోపలికి చెయ్యి పెట్టి తల సరిచేసేదాకా ఆవు తోక పట్టుకుని నిలబడింది. తర్వాత ఇద్దరూ కలిసి లాగారు. ఆవు నొప్పి పడ్డప్పుడల్లా లాగుతూ, ఆగినప్పుడల్లా ఆగుతూ. తడితడిగా దూడ గడ్డిలోకి జారింది. అల్తీనో దాని ముక్కులో జిగురు తీసి, గడ్డిపరకతో కితకిత పెట్టాడు. తుమ్మింది.

"పెయ్య," అన్నాడు.

"అన్నయ్యా, నీకు తెలుసా?"

అల్తీనో దూడ బొడ్డుకి అయోడిన్ పూశాడు. ఆవు తల తిప్పి దూడని నాకడం మొదలుపెట్టింది.

"తెలుసు," అన్నాడు.

ఒదీలియా దొడ్డి కమ్మీని పట్టుకుంది.

"ఆ రోజు గదిలో లాయరు, నాన్న, నేను. నాన్న ఇంగ్లీషు నీకు తెలుసుగా, ఆవుల వేలానికి సరిపోతుంది, అంతే. లాయరు చదివేవాడు, నేను మన భాషలో చెప్పేవాణ్ని. అంతా అయ్యాక లాయరు అడిగాడు, మిగతా ఇద్దరు పిల్లలకి ఈ పొలంలో ఏమీ రాదని మీ నాన్నకి అర్థమైందా, అడుగు అని. నేను అడిగాను."

"ఏమని అడిగావు?"

"అడిగినట్టే అడిగాను, అబద్ధం కాదు. నాన్న నవ్వాడు. 'మూడో వంతు నీది, మిగతాది చట్టం చూసుకుంటుందని చెప్పు ఆయనకి' అన్నాడు." అయోడిన్ సీసా మూత బిగించాడు. సరిగా పడలేదు, మళ్లీ తీసి బిగించాడు. "నేను లాయరుతో, 'అర్థమైందంటున్నారు' అన్నాను."

"అంతేనా?"

"అంతే. ఇంగ్లీషులో మూడు మాటలు."

దూరంగా షెడ్డులో నీళ్లు కొట్టి కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"దారిలో చెబుదామనుకున్నాను. ఒట్టు ఒదీలియా. ట్రక్కు ఎక్కగానే చెబుదామనుకున్నాను. ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, టర్లక్ ఊరు దాటాక రోడ్డు పక్కన బండి ఆపించి పీచ్ పళ్లు కొన్నాడు. మూడు సంచులు. ముగ్గురికీ ఒకేలా ఉండాలని తూకం వేయించాడు. రేపు చెబుదామనుకున్నాను. రేపు అనుకుంటూ పదహారు నెలలు గడిచిపోయాయి."

ఒదీలియాకి ఆ పళ్లు గుర్తున్నాయి. ఆమె గుమ్మంలోకి వాటిని తెచ్చిచ్చింది అల్తీనోయే. నాన్న పంపాడు అన్నాడు. ఆమె సంబరపడి, ఒక పండు కడిగి అతని చేతిలో పెట్టింది. అతను అక్కడే నిలబడి తిన్నాడు.

ఆమెకి కోపం వచ్చింది. భర్త వదిలేసి పోయినప్పుడు కూడా రాని కోపం. "నాన్న మనందరికీ ఇచ్చాననుకుని చచ్చిపోయాడు అన్నయ్యా. ఆయన కళ్లు మూసుకున్నప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని ఉన్నావు."

"పట్టుకునే ఉన్నాను."

"ఎలా పట్టుకున్నావు?"

అల్తీనో గడ్డి మీద కూలబడ్డాడు. చేతులు నెత్తురు, మాయ నీళ్లు. మొహం తుడుచుకోవడానికి లేదు.

"మూడు ముక్కలు చేస్తే ఏమవుతుందో నీకు తెలీదా? అక్క తన ముక్క అమ్ముతుంది, బాదం తోటలవాళ్లు కాసుక్కూర్చున్నారు. మూడు వందల ఆవుల పేడనీళ్లు నేను ఎక్కడ పారించను? అంత పొలం చూపిస్తేనే అన్ని ఆవులకి సర్కారువాళ్లు అనుమతిస్తారు. పొలం తగ్గితే ఆవులు తగ్గాలి. తగ్గితే పాలవాళ్ల ట్యాంకరు ఇంతదూరం రాదు. రెండేళ్లలో గేటుకి తాళం పడుతుంది. నాన్న యాభై ఏళ్ల కష్టం పోతుంది. ఆయన మాట పోనిచ్చినా, ఆయన పని నిలబెట్టాను. ఏదో ఒకటే నిలబెట్టగలిగాను."

అందులో అబద్ధం లేదు. అదే ఆమెని ఇంకా బాధపెట్టింది. తొమ్మిదేళ్ల కిందట పిల్లనీ పక్కబట్టల్నీ మాత్రం కారులో వేసుకుని ఆమె వస్తే, ఏమైందని ఒక్క మాట అడగకుండా ఆ పనివాళ్ల ఇంటి కప్పుకి రేకులు మార్చి, వేడినీళ్ల పైపు వేసింది ఇతనే. మంచివాడు. మంచివాడు మూడు మాటలు తప్పు చెప్పాడు.

"సరే," అంది. "రేపు కోర్టులో పుస్తకం మీద చెయ్యి పెట్టించి అడుగుతారు. నాన్న ఏమన్నాడని. అప్పుడేం చెబుతావు?"

అల్తీనో తలెత్తాడు. "చెప్పను."

"నాకు చెప్పావుగా."

"నీకు చెప్పాను. అత్త నోరు విప్పాక నీకు చెప్పకుండా ఇంకో సాయంత్రం ఆ చాప మీద మోకాళ్లూనలేను. కోర్టులో మాత్రం చెప్పలేను ఒదీలియా. గ్రాసియేతకి తెలీదు ఇది. నా కొడుకులకి తెలీదు. నాన్నని మోసం చేసినవాడిగా ఈ లోయలో నేను తలెత్తుకు తిరగలేను."

"అయితే నీ మోకాళ్ల కోసం చెప్పావు నాకు. నా కోసం కాదు."

అతను గడ్డి తీసుకుని చేతుల నెత్తురు తుడుచుకోసాగాడు.

"నేను సంతకం పెట్టి, నువ్వు నోరు మూసుకుంటే, నా ఇల్లు పోతుంది. తెలుసుగా."

"సంతకం పెట్టకపోతే పోదుగా," అన్నాడు. ఆ మాట బతిమాలుతున్నట్టే ఉంది, బెదిరించినట్టు లేదు. "ఆ ఇల్లు ఎప్పటికీ నీదే. ఇంకా కావాలంటే ఇంకో రెండు గదులు వేసిస్తాను."

దూడ మొదటిసారి లేవబోయి ముందుకి పడింది. ఇద్దరూ ఒకేసారి చేతులు చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. దానంతట అదే లేవాలి.

"జున్నుపాలు పట్టించు దానికి," అని ఒదీలియా ఇంటివైపు నడిచింది.

*

వంటింట్లో ముగ్గురు ఆడవాళ్లూ అలాగే కూర్చుని ఉన్నారు. గ్రాసియేత కప్పులు కడగడం కూడా మానేసింది. బెల్మీరా కళ్లు తుడుచుకుని అప్పటికే తన లాయరుతో ఫోనులో మాట్లాడేసింది.

"అత్త మాట కొంత పనికొస్తుందట. కానీ మర్నాడు చెల్లెలితో అన్న మాట కదా, ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేనన్నాడు. ఆ రోజు ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో గదిలో ఉన్నవాళ్లు చెబితేనే గట్టిగా నిలుస్తుందట. ట్రస్టు రాసిన ఆ లాయరుకి మన భాష రాదు. ఇక మిగిలింది ఒక్కడే." చెల్లెలి మొహంలోకి చూసింది. "ఏమన్నాడు వాడు?"

"పెయ్యదూడ పుట్టింది," అంది ఒదీలియా.

"దూడ గురించి అడిగానా నేను?"

"ఏమంటాడు?" అంది గ్రాసియేత. "ఏమనడానికేముంది? అత్తయ్య పెద్దావిడ, ఏదో విన్నారు, ఏదో గుర్తుపెట్టుకున్నారు. మామగారికి అన్నీ అర్థమయ్యాయి. మా ఆయన మాట మాటకీ విడమరచి చెప్పారు. ఇంటికొచ్చి నాతో అన్నారు, నాన్నకి అంతా అర్థమైందని." ఆమె గొంతులో ఇప్పుడు కోపం కన్నా బెరుకే ఎక్కువుంది. "ఒదీలియా, అమ్మాయ్, నువ్వు చెప్పు. నువ్వైనా నమ్ముతావుగా?"

ఒదీలియా కుర్చీ లాక్కుని కూర్చుంది. కవరులోంచి కాగితాలు తీసింది. చివరి పేజీలో అక్క సంతకం నిటారుగా, బడిపిల్ల రాసినట్టు ఉంది. బడి మాన్పించిన పిల్ల సంతకం. కింద ఇంకో గీత ఖాళీగా ఉంది.

ఆ రెండు గదులూ ఆమెకి ఇష్టం. వంటింటి కిటికీలోంచి పొద్దున్నే ఆవుల వరస కనిపించడం ఇష్టం. కూతురు అక్కడే పెరిగింది. యాభై ఒక్క ఏళ్లకి స్కూలు బస్సు నడిపే జీతంతో ఈ లోయలో అద్దె ఇల్లు దొరకదు. ఇదంతా ఆమెకి తెలుసు. భయం కూడా వేసింది. కానీ నాన్న మూడు సంచులు తూకం వేయించాడు. ఆ తూకం తప్పించి ఆ ఇంట్లో కాపురముంటే, ఆ ఇల్లు ఆయనిచ్చింది కాదు, అన్న లంచంగా ఇచ్చింది అవుతుంది.

"పెన్ను ఇవ్వు అక్కా."

బెల్మీరా ఇచ్చింది. ఇస్తూ ఒక క్షణం వదల్లేదు. "ఆలోచించే చేస్తున్నావా? నాకు పోయేవి పోగులే. నీకు..."

"ఆలోచించాను."

సంతకం పెట్టింది. తేదీ వేసింది. కాగితాలు మడిచి కవరులో పెడుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. అల్తీనో సింకు దగ్గరికి వెళ్లి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుంటూ, కవరు చూశాడు.

"పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను."

"నేను చెప్పింది వాళ్లకి చెప్పావా?"

"లేదు. చెప్పను కూడా. కోర్టులో నన్నడిగినా, అన్నయ్యనే అడగండి అంటాను." ఆమె గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. "నాన్న ఆ రోజు నీకు ఒక మాట అప్పజెప్పి, లాయరుకి చెప్పు అన్నాడు. నువ్వు చెప్పలేదు. ఆ మాట ఇంకా నీ దగ్గరే ఉంది. దాన్ని నేను చెబితే అది నా మాట అవుతుంది. నువ్వు చెబితేనే నాన్న మాట."

"ఒదీలియా," అన్నాడు హెచ్చరిస్తున్నట్టు.

"నా ఇల్లు నీ నోట్లో పెట్టాను అన్నయ్యా. మింగుతావో, బయటపెడతావో నీ ఇష్టం."

బెల్మీరా తమ్ముడినీ చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది. దెయొలిందా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటోందిరా?" అంది.

గ్రాసియేత లేచి నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో, ఆ మనిషి చేతులు కడుక్కున్న ప్రతిసారీ తువ్వాలు అందించడం ఆమె అలవాటు. ఇప్పుడూ తీసింది. కానీ ఆమె కళ్లు మొగుడి మొహం మీద ఉన్నాయి. ఆ మొహంలో ఏదో చదువుతున్నాయి.

"మామగారు నీకు అప్పజెప్పిన మాటేంటి?" అంది. "నాకు చెప్పని మాట ఏంటది?"

నీళ్లు కారుతున్న చేతిని అల్తీనో తువ్వాలు కోసం చాచాడు. గ్రాసియేత ఇవ్వలేదు.